పెరట్లో గడ్డి దుబ్బులు: ఏది నాటుకోవాలి, ఏది గేటు దాటి లోపలికి రానివ్వకూడదు

పల్లెల్లో కొత్తగా కట్టుకుంటున్న ఇళ్ల ముందు కొన్నేళ్లుగా ఒక మార్పు చూస్తున్నాను. మందారం, నందివర్ధనం, కనకాంబరాల పక్కన ఇప్పుడు గడ్డి దుబ్బులు కూడా చేరుతున్నాయి. హైవే డివైడర్లలో, పట్నం పార్కుల్లో, కళ్యాణ మండపాల ముందు కుంచెల్లాంటి కంకులతో ఊగే గడ్డిని చూసి ముచ్చటపడి నర్సరీలో అడిగి తెచ్చుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. గడ్డి మొక్కకు నీరు తక్కువ చాలు, తెగుళ్లు తక్కువ, పూల మొక్కల్లా రోజూ కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. పొద్దంతా పొలంలో ఉండేవాళ్లకు ఇది అనువైన పెరటి మొక్కే.

అయితే పట్నంవాళ్లకు, మనకు ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ గడ్డి చుట్టూ సిమెంటు ఉంటుంది. మన ఇంటి ప్రహరీ దాటితే పొలమే. అక్కడ పక్కకు పాకిన గడ్డి రోడ్డు మీద ఎండిపోతుంది. మన దగ్గర పాకితే మిరప మడిలోనో, పసుపు బోదెల మీదో తేలుతుంది. గుర్రపుడెక్కను పూలు బాగున్నాయనే దక్షిణ అమెరికా నుంచి తెచ్చి ఊరూరా పంచారు. పులికంప అని మనం పిలిచే లాంటానా కూడా తోటల అందం కోసం వచ్చిందే. ఒకటి చెరువుల్ని, ఇంకొకటి అడవి అంచుల్ని, మేత బీళ్లను ఎలా పట్టేశాయో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే గడ్డి మొక్కల గురించి అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. పెరట్లో పెట్టే గడ్డి రేపు పొలం గట్టు మీద కనిపించినా మీరు సంతోషించేలా ఉండాలి. కనిపిస్తే గుండె గుభేలుమనే గడ్డిని ఎంత అందంగా ఉన్నా ఇంటికి తేవద్దు.

కొనేముందు ఆకు కాదు, మొదలు చూడండి

నర్సరీలో అందరూ ఆకు రంగు, కంకి అందం చూస్తారు. రైతు చూడాల్సింది కవరు కింద ఉంటుంది. గడ్డి జాతులు పెరిగే తీరు రెండు రకాలు. ఒకటి దుబ్బు కట్టేది. వరి పిలకలు వేసినట్టే మొదట్లోనే పిలకలు వేస్తూ ఏటేటా కొంచెం కొంచెం లావవుతుంది తప్ప పక్కకు పరుగెత్తదు. రెండోది పాకేది. భూమి లోపలో, భూమి మీదో కాండాలు సాగదీసి, కణుపు కణుపుకీ వేళ్లు దించి, కొత్త మొక్క లేపుతుంది. గరిక ఎలా పోతుందో అలా.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. మొక్కను కవరులోంచి మట్టి గడ్డతో సహా మెల్లగా జార్చి చూడండి. వేళ్లన్నీ సన్నగా దారాల్లా కిందికి దిగి ఉంటే అది దుబ్బు గడ్డి. వేళ్ల మధ్య తెల్లగా, గట్టిగా, కణుపులతో, చివర సూదిలా మొన తేలిన కాండాలు అడ్డంగా పోతూ ఉంటే అది పాకే గడ్డి. కవరు గోడను చీల్చుకుని ఆ మొనలు బయటికి వచ్చి ఉంటే ఇక ఆలోచించనే వద్దు, అక్కడే వదిలేసి రండి.

రెండో పరీక్ష విత్తనానిది. పండిన కంకి ఒకటి అరచేతిలో వేసి నలపండి. పొట్టు ఊదేస్తే గట్టి గింజలు మిగిలాయా? అయితే ఆ గడ్డి గాలితో, పిట్టలతో, మేకల బొచ్చుతో, వాన నీటితో మీ పొలానికి దారి కనుక్కుంటుంది. గింజ పట్టని రకాలు, అంటే పిలకలు విడదీసి మాత్రమే పెంచగలిగేవి, మనకు మేలు. మనం నాటితేనే పుడతాయి, మనం నాటిన చోటే ఉంటాయి.

అందమైనవే, కానీ వద్దు

దసరా రోజుల్లో గోదావరి లంకల్లో, కాలువ గట్ల మీద రెల్లు పూసినప్పుడు చూడాలి. తెల్లటి నురగ పారినట్టు ఉంటుంది. ఏ నర్సరీ గడ్డీ దానికి సాటి రాదని నా అభిప్రాయం. పనికొచ్చే గడ్డే కూడా. కోయంబత్తూరులో గత శతాబ్దం మొదట్లో మేలి చెరకును అడవి రెల్లుతో సంకరం చేశాకే మన నేలలకు తట్టుకునే చెరకు రకాలు వచ్చాయి. అంటే మనం నాటే చెరకులో రెల్లు రక్తం ఉంది. అయినా దాన్ని ఏట్లోనే ఉండనివ్వండి. భూమిలో లోతుగా కాండాలు పోతాయి, గింజలు దూది పింజల్లా ఎగురుతాయి. ఒక్కసారి చేలోకి దిగితే దున్నిన కొద్దీ ముక్కలై, ముక్కకో మొక్కై లేస్తుంది.

నర్సరీల్లో ఫౌంటెన్ గడ్డి అనే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఊదా ఎరుపు ఆకులది ఒకటి, పచ్చ ఆకులది ఇంకొకటి. ఊదా రకంలో గింజ దాదాపు పట్టదు, దుబ్బు విడదీసే పెంచుతారు. మోజు పడితే అది పెట్టుకోండి. పచ్చ ఆకుల రకం అలా కాదు. ఉత్తర ఆఫ్రికా, అరేబియా వైపు పుట్టిన ఈ గడ్డి బెట్టను గట్టిగా తట్టుకుంటుంది, విపరీతంగా గింజ పడుతుంది. అలంకారానికని హవాయి దీవులకు తీసుకెళితే అక్కడి కొండ నేలల్ని ఆక్రమించి, ఎండాకాలంలో మంటలు పాకడానికి కారణమవుతోంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో దీన్ని అమ్మడం, పెంచడం నిషేధం. ఎండ బాగా కాసి వాన తక్కువ పడే రాయలసీమ, దక్షిణ తెలంగాణ నేలలు దానికి పుట్టింటి లాంటివి. మనకెందుకు ఈ పరీక్ష?

పెద్ద పెద్ద తెల్ల కుచ్చుల పాంపాస్ గడ్డి గురించి ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నారు. పెళ్లి పందిళ్లలో ఎండిన కుచ్చులు చూసి వచ్చిన మోజు అది. ఆకు అంచు రంపంలా కోస్తుంది, పిల్లలు తిరిగే ఇంట్లో పెట్టదగ్గది కాదు. డబ్బు దండగ.

దర్భ విషయం వేరు. ఇంట్లో పూజలకు, తద్దినాలకు కావాలి కాబట్టి పెంచుకుంటామంటారు. పెంచుకోండి, కానీ నేలలో వద్దు. సిమెంటు తొట్టిలో పెట్టి, తొట్టిని మట్టి మీద కాకుండా బండ మీద ఉంచండి. అడుగు రంధ్రంలోంచి కాండం కిందికి దిగుతోందేమో మూడు నెలలకోసారి తొట్టి జరిపి చూడండి. వినాయక చవితి గరికకు మాత్రం ఏ ఏర్పాటూ అక్కర్లేదు, అది ఎలాగూ ఉంటుంది.

లాన్ చాపలతో వచ్చే తుంగ

ఇంటి ముందు పచ్చిక కోసం చాపల్లా చుట్టి తెచ్చే లాన్ గడ్డి కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. పశువులున్న ఇంటికి లాన్ ఎందుకో నాకు అర్థం కాదు, నీళ్లు కూడా బాగా తాగుతుంది. అయినా వేసుకోవాలనుకుంటే ఆ చాప కింద అంటుకుని వచ్చే మట్టిని చూసుకోండి. తుంగ గడ్డలు వచ్చేది ఆ మట్టిలోనే. నల్లగా, శనగ గింజంత నుంచి చిటికెన వేలి కొనంత ఉంటాయి. పైన ఆకు లేకపోయినా గడ్డ బతికే ఉంటుంది.

ఇంటి ముందు నాలుగు సెంట్లలో పచ్చిక వేసుకుని, మిగిలిన మట్టిని, చాప ముక్కల్ని ఎరువు కుప్ప మీద పడేసిన వాళ్లను చూశాను. ఏడాది తిరక్కుండా ఆ ఎరువు పసుపు చేనుకు వెళ్లింది. ఎరువుతో పాటు తుంగా వెళ్లింది. పసుపులో తుంగ తీయడమంటే కూలీలకు ఎంత పోయాలో పండించేవాళ్లకు తెలుసు. పైకి లాగితే ఆకు వస్తుంది, గడ్డ లోపలే ఉండిపోయి మళ్లీ నాలుగు వేస్తుంది.

కాబట్టి చాప కొనేముందు రెండు మూడు చోట్ల చీల్చి చూడండి. మూడు వరుసల్లో ఆకులు, త్రికోణంగా ఉండే కాడ కనిపిస్తే తుంగ. వేసిన తర్వాత కనిపిస్తే, మొలిచిన రెండు మూడు వారాల్లోపే, కొత్త గడ్డలు కట్టకముందే, గునపంతో లోతుగా తవ్వి గడ్డతో సహా తీసి ఎండలో మాడ్చండి. ఆ మట్టిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఎరువు గుంటలో వేయొద్దు. కలుపు మందు వాడాలనుకుంటే పక్కన ఏ పంట ఉందో చెప్పి మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి వాడండి. దుకాణంలో ఇచ్చింది తెచ్చి ఇంటి ముందు కొట్టొద్దు.

వట్టివేరు: పెరటికి అందం, గట్టుకు బలం

పెరట్లో ఒక్క గడ్డికే చోటుందంటే నేను వట్టివేరే పెట్టమంటాను. ఎండాకాలం తడికలకు, కుండ నీళ్లకు వేసే వట్టివేళ్లు ఈ గడ్డివే. ఆకు నిటారుగా నడుము ఎత్తు దాటి లేచి చివర వంగుతుంది. వరసగా నాలుగు దుబ్బులు పెడితే ప్రహరీ పక్కన పచ్చటి తెర కట్టినట్టు ఉంటుంది. దీని గొప్పదనం అంతా భూమి లోపల ఉంది. వేళ్లు పక్కకు పోకుండా నిలువుగా దిగుతాయి. మంచి నేలలో రెండు మూడు మీటర్ల లోతుకు వెళతాయి. అందుకే పక్కనున్న పంట ఎరువును, నీటిని పెద్దగా లాక్కోదు, మట్టిని మాత్రం కుట్లు వేసినట్టు పట్టి ఉంచుతుంది. కర్ణాటకలో మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు తరతరాలుగా దీన్ని పొలం హద్దు గడ్డిగా వాడుతున్నారు. 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు మట్టి కోతను ఆపే గడ్డిగా దేశదేశాల్లో దీన్ని ప్రచారం చేయడానికి అలాంటి రైతుల అనుభవమే ఆధారమైంది.

ఒక్క జాగ్రత్త. వట్టివేరులో రెండు తెగలున్నాయి. ఉత్తరాది తెగ పూత పూసి గింజ పట్టి మొలుస్తుంది. దక్షిణాది తెగలో మొలకెత్తే గింజ ఉండదు, పిలకతోనే పెరుగుతుంది. మనకు కావలసింది రెండోది. పిలకలు తెచ్చే చోట చుట్టుపక్కల చూడండి. దుబ్బులకు దూరంగా, ఎవరూ నాటని చోట చిన్న చిన్న వట్టివేరు మొలకలు లేచి ఉంటే అది గింజ పట్టే తెగ, తీసుకోవద్దు. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమాప్ పరిశోధన కేంద్రం ఉంది. సుగంధ గడ్డి జాతుల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. రకాల గురించి అక్కడ గానీ, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడగవచ్చు.

నాటే పద్ధతి ఇది. ఏడాది దాటిన దుబ్బును పారతో చుట్టూ తవ్వి పైకి లేపాలి. మట్టి దులిపి, చేత్తో గానీ కత్తితో గానీ రెండు మూడు పిలకల కట్టలుగా విడదీయాలి. ఒక్కో కట్టకు పైన ఆకును జానెడు ఉంచి మిగతాది కోసేయాలి, వేళ్లను బెత్తెడు ఉంచి కత్తిరించాలి. ఇంత ఆకు కోసేయడానికి చాలామందికి మనసొప్పదు. కోయకపోతే వేళ్లు పట్టకముందే ఆకు నీటినంతా ఆవిరి చేసి మొక్కను చంపుతుంది. మధ్యలో ఎండిపోయిన ముసలి పిలకల్ని పారేసి, చుట్టూ ఉన్న లేత, గట్టి పిలకల్నే వాడాలి. పేడ నీళ్ల చిక్కటి ముద్దలో వేళ్లు ముంచి నాటితే త్వరగా పట్టుకుంటాయి. తవ్విన రోజే నాటాలి. కుదరకపోతే తడి గోనెలో చుట్టి నీడన ఉంచి, రెండు రోజులు దాటకుండా నాటేయాలి.

పెరట్లో అందానికైతే దుబ్బుకు దుబ్బుకు మధ్య 60 నుంచి 75 సెం.మీ. ఇవ్వండి. గట్టు మీద కంచెలా కావాలంటే 10 నుంచి 15 సెం.మీ. మించి ఎడం పెట్టొద్దు. ఎడం ఎక్కువైతే సందుల్లోంచి నీరు దూకి ఇంకా పెద్ద గండి కొడుతుంది. అప్పుడు గడ్డి లేకపోవడమే నయం అనిపిస్తుంది. వరస వాలుకు అడ్డంగా, నీరు పారే దిక్కుకు ఎదురుగా ఉండాలి. మృగశిర కార్తె తర్వాత నేల బాగా తడిసినప్పుడు నాటితే తెలంగాణ, ఉత్తర కోస్తా ప్రాంతాల్లో నీరు పెట్టే పని తగ్గుతుంది. నెల్లూరు, చిత్తూరు వైపు అక్టోబరు వానలకు నాటినా బాగా పడుతుంది.

ఇక్కడ పెరటికీ పొలానికీ లెక్క కలపండి. యాభై మీటర్ల గట్టుకు 15 సెం.మీ. చొప్పున సుమారు 330 చోట్ల నాటాలి. చోటుకు రెండు పిలకలనుకున్నా 660 పిలకలు. కొనాలంటే ఖర్చు. ఈ ఏడాది పెరట్లో పది పన్నెండు దుబ్బులు పెట్టుకుంటే, బాగా పెరిగిన దుబ్బుకు ముప్పై పిలకలు వచ్చినా వచ్చే వానాకాలానికి మూడు వందలు దాటుతాయి. సగం గట్టు నాటవచ్చు. ఆ పై ఏడాది మిగతా సగం. అంటే ఇంటి ముందు అందానికి పెట్టుకున్నదే మీ నారుమడి అవుతుంది. ఎర్ర చెలకల్లో వాలు పొలం ఉన్నవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే మాట. మొదటి రెండేళ్లు చచ్చిన చోట్ల మళ్లీ నాటుతూ సందులు పూడిస్తే, తర్వాత వాన నీటితో కొట్టుకొచ్చే మట్టి ఆ వరస వెనకే పేరుకుని గట్టు తనంతట తానే ఎత్తవుతుంది.

వంటింటి నీళ్లు పారే చోట, స్నానాల గది వెనక మురికి నిలిచే చోట కూడా వట్టివేరు బాగా వస్తుంది. తడిని, బెట్టను రెండింటినీ ఓర్చుకుంటుంది. ఓర్చుకోనిది నీడ. మామిడి, వేప చెట్ల కింద పెడితే ఏటికేడు పలచబడి పోతుంది. మొదటి ఏడాది పశువులు, మేకలు లేత ఆకు కొరికి పిలకను పెకలిస్తాయి కాబట్టి కంప అడ్డం వేయాలి. ముదిరిన తర్వాత ఆకును అవి పెద్దగా ముట్టవు.

ఇంకొక సంగతి. మొక్కజొన్న, జొన్నల్లో కాండం తొలిచే పురుగు తల్లి రెక్కల పురుగులు వట్టివేరు మీద ఇష్టంగా గుడ్లు పెడతాయని, అందులోంచి వచ్చిన పిల్ల పురుగులు మాత్రం దాని మీద బతకవని దక్షిణ ఆఫ్రికాలో పరిశోధకులు గమనించారు. గట్టు మీద వట్టివేరు ఉంటే ఆ మేరకు లాభమే. అంత మాత్రాన చేను చూడటం మానొద్దు, సుడి ఆకుల్లో రంధ్రాలు కనిపిస్తే చేయాల్సింది చేయాల్సిందే.

గట్టు మీద వరసలో వేళ్లు తవ్వి అమ్ముకోవచ్చా అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. వేరు తవ్వితే గట్టు తవ్వినట్టే. వేళ్లు కావాలంటే ఇసుక కలిసిన నేలలో విడిగా నాలుగు దుబ్బులు పెంచుకుని ఏడాదిన్నరకు తవ్వుకోండి. బరువు నేలలో వేళ్లు తెగిపోతాయి, శ్రమ దండగ.

నిమ్మగడ్డి

టీలోకి నాలుగు ఆకులు, జలుబుకు ఆవిరి పట్టడానికి గుప్పెడు. ఈ రెండు పనులకు ఇంటికి ఒకటి రెండు దుబ్బులు చాలు. నాటడం వట్టివేరు లాగే, పిలకలతోనే. ఎడం 60 సెం.మీ. ఉండాలి. నీరు నిలవకూడదు. నిలిస్తే మొదలు కుళ్లి దుబ్బంతా పసుపెక్కి పోతుంది. అందుకే మురుగు నీటి పక్కన వట్టివేరు, ఎత్తు మడిలో నిమ్మగడ్డి. ఈ రెండూ తారుమారు చేసి రెండూ పోయాయనేవాళ్లు చాలామంది.

నాటిన నాలుగైదు నెలలకు మొదటి కోత, తర్వాత రెండున్నర మూడు నెలలకోసారి నేలకు 10 నుంచి 15 సెం.మీ. ఎత్తులో కోయాలి. కోయకుండా వదిలేస్తే ఆకు ముదిరి చివర్లు ఎండి చూడటానికి బాగుండదు, వాసనా తగ్గుతుంది. నాలుగైదేళ్లకు దుబ్బు మధ్యలో బోలుపడుతుంది. అప్పుడు తవ్వి, అంచు పిలకలతో కొత్త చోట నాటుకోవాలి. పశువులు, మేకలు దీన్ని తినవు కాబట్టి దొడ్డి దారి పక్కన కూడా నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

నిమ్మగడ్డి ఉంటే దోమలు రావని, పాములు రావని చెప్పి అమ్ముతున్నారు. దోమల్ని కొంత దూరం ఉంచేది ఆ జాతికే చెందిన సిట్రొనెల్లా గడ్డి నుంచి తీసిన నూనె. మొక్క ఊరికే నిలబడి ఉంటే దోమ లెక్కచేయదు. పాముల సంగతి కింద చెబుతాను.

నీరు, ఎరువు, కోత

నాటిన మొదటి నెల రెండు మూడు రోజులకోసారి తడి ఇస్తే, ఆ తర్వాత ఎండాకాలంలో పది పదిహేను రోజులకోసారి చాలు. ఎరువు విషయంలో పిసినారితనమే మంచిది. ఏడాదికోసారి దుబ్బుకు రెండు దోసిళ్ల చివికిన పశువుల ఎరువు. యూరియా వేస్తే ఆకు పొడుగెదిగి మెత్తబడి వానకు నాలుగు వైపులా పడిపోతుంది. చేను మీద చల్లగా మిగిలింది ఇక్కడ పారబోసే అలవాటు మానుకోవాలి. మాటిమాటికీ కోసే నిమ్మగడ్డికి మాత్రం కోత తర్వాత కొంచెం ఎక్కువ ఎరువు ఇవ్వవచ్చు.

చలి దేశాలవాళ్లు రాసిన పుస్తకాల్లో గడ్డి దుబ్బులను చలికాలం చివర్లో కోయమని ఉంటుంది. వాళ్లకు మంచు పోయాక చిగురు వస్తుంది. మనకు చిగురు వచ్చేది తొలకరికి. అందుకే వట్టివేరు, ఊదా ఫౌంటెన్ లాంటి వాటిని ఏరువాక ముందు, మే చివర్లో, నేలకు జానెడు ఎత్తులో కోయండి. మరీ నేలకు ఆనించి కోస్తే చిగురు వచ్చే మొదలే పోతుంది. ఒక చిన్న ఉపాయం ఉంది. ముందు దుబ్బును చీపురు కట్టినట్టు తాడుతో నడుము దగ్గర బిగించి, ఆ తర్వాత కొడవలితో కింద కోస్తే మోపు మోపులాగే చేతికి వస్తుంది, ఆకు చెల్లాచెదురు కాదు. నిండు చేతుల చొక్కా వేసుకోండి. వంగినప్పుడు ఆకు మొన కంట్లో గుచ్చుకోవడం మామూలుగా జరిగే ప్రమాదం, కళ్లద్దాలు పెట్టుకుంటే మరీ మంచిది.

కోసిన ఆకును పారేయకండి. కూరగాయ మడుల్లో మొక్కల మొదళ్లలో పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. గింజ పట్టిన కంకులుంటే మాత్రం వాటిని వేరు చేసి కాల్చేయండి.

చీడపీడల్లో చెప్పుకోదగ్గది చెదలు. దుబ్బు మధ్యలో ఎండు ఆకు పేరుకుంటే పడతాయి. ఏటా కోస్తూ మధ్యలోని ఎండు పిలకల్ని పీకేస్తుంటే చాలావరకు రావు. వచ్చాయనిపిస్తే ఎండు పదార్థం తీసేసి, దుబ్బు చుట్టూ గుప్పెడు వేపపిండి కలిపి నీరు పెట్టండి. ఆకు మీద తుప్పు రంగు మచ్చలు వస్తే ఆ ఆకును కోసి కాల్చడమే సరిపోతుంది. పెరటి గడ్డికి మందులు కొట్టాల్సిన అవసరం నా సర్వీసులో పెద్దగా కనిపించలేదు.

పాములు, నిప్పు

గడ్డి దుబ్బు ఏ జాతిదైనా ఎలుకకు గూడు. ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. నిమ్మగడ్డి వాసనకు పాము పారిపోతుందన్న నమ్మకంతో వాకిలి పక్కనే దుబ్బులు గుబురుగా పెంచడం చాలా ప్రమాదం. గుమ్మానికి, మంచం వేసుకునే అరుగుకు, చేతి పంపుకు, మరుగుదొడ్డి దారికి కనీసం ఐదారు మీటర్ల దూరంలో పెట్టండి. దుబ్బు మొదలు ఎప్పుడూ కంటికి కనిపించేలా కింది ఎండు ఆకు తీసేస్తుండాలి. రాత్రి పూట దాని పక్కగా వెళ్లాల్సి వస్తే టార్చి లేకుండా వెళ్లొద్దు. పొద్దున్నే ఆకు కోసేటప్పుడు ముందు కర్రతో దుబ్బును రెండు సార్లు తట్టి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. ఇంట్లో టీ కోసం ఆకు కోసేది చాలాసార్లు ఆడవాళ్లో, పిల్లలో కాబట్టి ఈ మాట వాళ్లకు కూడా చెప్పండి.

ఇక నిప్పు. ఏప్రిల్, మే నెలల్లో ఎండిన దుబ్బు ఒక్క బీడీ ముక్కకు భగ్గుమంటుంది. గడ్డివాము, పూరి కొట్టం, కరెంటు మోటారు షెడ్డు పక్కన ఉన్న దుబ్బులను ఏరువాక దాకా ఆగకుండా శివరాత్రి దాటగానే కోసేయండి. పచ్చగా ఉంచాలనుకుంటే వారానికోసారి నీరు పెట్టండి. వాముకు పది మీటర్ల లోపల అసలు పెట్టకపోతే ఇంకా మంచిది.

అమ్ముకోవడం గురించి

పెరట్లో బాగా వచ్చాక దీన్నే ఎకరంలో వేస్తే ఎలా ఉంటుందని అడగడం సహజం. కడియం నర్సరీల పక్కన ఉన్నవాళ్లో, హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లో కవర్లలో పెంచిన వట్టివేరు, ఊదా గడ్డి మొక్కలను నర్సరీలకు అమ్ముకోవచ్చు. ముందు కొనేవాళ్లతో మాట్లాడుకుని, వాళ్లు అడిగినన్నే పెంచాలి. నూనె కోసం నిమ్మగడ్డి, వట్టివేరు వేయడం వేరే లెక్క. నూనె తీసే యూనిట్ దగ్గరలో ఉంటేనే గిట్టుతుంది. కోసిన ఆకును లారీలో దూరం తోలితే కిరాయికే సరిపోతుంది. పిలకలు మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం అంటూ ఊళ్లకు వచ్చేవాళ్లు పిలకల డబ్బు ముందే తీసుకుంటారు. కొనే సమయానికి ఫోను పలకనివాళ్లు కూడా వారిలో ఉంటారు. ధర, ఎక్కడ తూకం వేస్తారు, ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు అనేవి కాగితం మీద సంతకాలతో ఉండాలి. వాళ్ల దగ్గర గత ఏడాది అమ్మిన రైతు ఊరికి వెళ్లి, ఆ రైతుతో మాట్లాడి రావాలి. కొనేవాడు రాకపోతే ఎకరం నిమ్మగడ్డి మేతకు కూడా పనికిరాదు. పావెకరం మించి మొదటి ఏడాది వేయవద్దు.

ఈ ఏడాది పిలకలు కావాలనుకునేవాళ్లు మే నెలలోనే చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి దగ్గర పాత వట్టివేరు దుబ్బులున్నాయో కనుక్కుని చెప్పి ఉంచుకోండి. వానలు పడ్డాక అందరికీ ఒకేసారి కావాలి, దుబ్బులు తవ్వే తీరిక ఎవరికీ ఉండదు.